గోనెసంచి మట్టిలో దొరికిన పన్ను



బియ్యం చెరిగేటప్పుడు ఇంట్లో తల్లులు రాళ్ళు ఏరి పారేసి బియ్యం చేటలో ఉంచుతారు. ఈ నెల మేము మీకు పరిచయం చేయబోయే పెద్దమనిషి పని దీనికి సరిగ్గా తలకిందులు. గోనెసంచుల కొద్దీ మట్టి తెచ్చి, నానబెట్టి, కడిగి, జల్లించి, ఆరబెట్టి, మిగిలిన ఇసుకలో ఒక్కొక్క రేణువును తిప్పి చూడాలి. అందులో ఆవగింజంత పన్ను ఒకటి కనబడితే ఆ రోజు పండుగే. కనబడకపోతే మరో సంచి విప్పాలి. అటువంటి పన్నుతోనే ఆయన పేరు ప్రపంచమంతా తెలిసింది.

ఆయన గుంటుపల్లి వీర రాఘవేంద్ర ప్రసాద్ గారు. తెలుగువారు. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, జమ్మూ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, తరువాత ఢిల్లీ విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్ర విభాగానికి వెళ్ళారు. మన దేశంలో శాస్త్రజ్ఞులకు ఇచ్చే శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి 2003లో ఆయనకు వచ్చింది. అయినా మన పల్లెల్లో ఆయన పేరు తెలిసినవారు అరుదు. సినిమా నటుల పుట్టినరోజులు తేదీలతో సహా చెప్పగల పిల్లలు మనకున్నారు గనుక, ఈ పేరు కూడా ఒకసారి వినిపించడం మంచిదని మా ఉద్దేశం.

ముందుగా ఆయన గురువుగారి మాట చెప్పాలి. అశోక్ సాహ్నీ గారిది శిలాజాల కుటుంబం. లక్నోలో శిలాజ వృక్షశాస్త్ర సంస్థను 1946లో నెలకొల్పిన బీర్బల్ సాహ్నీ గారు ఆయనకు పెదనాన్న. తండ్రి ముల్క్‌రాజ్ సాహ్నీ గారు కూడా రాళ్ళు చదివినవారే. అశోక్ గారు అమెరికాలోని మిన్నెసోటాలో చదివి తిరిగివచ్చి, చండీగఢ్‌లో వెన్నెముక గల ప్రాణుల శిలాజాలకు ఒక ప్రయోగశాల పెట్టి, దానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును జతచేశారు. అంతవరకు మన దేశంలో శిలాజాల పని అంటే పెద్దపెద్ద ఎముకలు తవ్వి, కొలిచి, బొమ్మ గీసి పెట్టడమే ఎక్కువ. పంటి పైనున్న పింగాణి పొర లోపలి అల్లిక ఎలా ఉంది, రాక్షసబల్లి గుడ్డు పెంకులో గాలి రంధ్రాలు ఎలా ఉన్నాయి అని చూడడం మన దగ్గర బాగా వేళ్ళూనింది ఆయన వల్లనే అని మా అభిప్రాయం. పెంకు ముక్క గోరంతైనా దొరికితే చాలు, అది తాబేలుదా, బల్లిదా, రాక్షసబల్లిదా అన్నది దాని అల్లికను బట్టి చెప్పవచ్చు.

ఇక్కడ ఆ యంత్రం సంగతి కొంచెం వివరంగా చెప్పుకుందాము. మన బడిలో ఉండే మైక్రోస్కోపు వెలుతురుతో పనిచేస్తుంది. చేపల వల కన్ను పెద్దదైతే చిన్న పరిగలు జారిపోతాయని మన ఏటిగట్టు పిల్లలకు కూడా తెలుసు. వెలుతురు కూడా ఒక విధంగా పెద్ద కన్నుల వలే. ఒక మిల్లీమీటరును ఐదు వేల భాగాలు చేస్తే, అందులో ఒక భాగం కంటె చిన్నదాన్ని వెలుతురు స్పష్టంగా పట్టుకోలేదు. అద్దాలు ఎంత గొప్పవి పెట్టినా అంతే. 1931లో జర్మనీలోని బెర్లిన్‌లో ఎర్నెస్ట్ రుస్కా అనే యువకుడు తన పెద్ద మాక్స్ నోల్‌తో కలిసి వెలుతురుకు బదులు ఎలక్ట్రాన్లను వాడాడు. గాజు అద్దాలకు బదులు అయస్కాంతపు చుట్టలు పెట్టాడు. వల కన్ను ఒక్కసారిగా సన్నబడింది. ఆ పనికి నోబెల్ బహుమతి వచ్చేటప్పటికి 1986 అయింది. యాభై ఐదేళ్ళు! రుస్కా అప్పటికి ముసలివాడు. రెండేళ్ళకు కన్నుమూశాడు. ఆయన పేరు హైదరాబాదులో నిలిచింది. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలోని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ప్రయోగశాలను రుస్కా ల్యాబ్ అని పిలుస్తారు.

ఈ యంత్రాల్లో రెండు రకాలు ఉన్నాయి. మొదటి దానిలో వస్తువును ఉల్లిపొర కంటె ఎన్నో రెట్లు పలుచగా కోసి, ఎలక్ట్రాన్లను దానిలోగుండా పంపుతారు. లోపలి నిర్మాణం నీడలాగ కనబడుతుంది. రెండో దానిలో కోయడం లేదు. చీకటి గదిలో టార్చిలైటు పట్టుకొని గోడను ఈ చివరినుండి ఆ చివరికి వరుసగా వెతికినట్లు, సన్నని ఎలక్ట్రాన్ ధార వస్తువు పైభాగమంతా తడుముతూ పోతుంది. తగిలిన చోటునుండి వెనక్కి వచ్చినవాటిని లెక్కపెట్టి తెరమీద బొమ్మ కడుతుంది. గుంటలు, గట్లు, గీతలు చెక్కినట్లు అగపడతాయి. ఈ రెండో రకం 1965లో ఇంగ్లాండులో అమ్మకానికి వచ్చింది. శిలాజాలవారికి ఇది వరప్రసాదమైంది. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. వస్తువుకు కరెంటు ప్రవహించే గుణం ఉండాలి. అందుకని పన్నుకు బంగారు పూత పూస్తారు. మన ఆడపడుచులు చెవికమ్మలకు పూయించే రోల్డుగోల్డు పూత కంటె ఎన్నో రెట్లు పలుచన. తూకం వేస్తే తులానికి ఎన్ని వేల పళ్ళకు పూయవచ్చునో!

ఇవన్నీ పెద్ద నగరాల సంగతులు, మన డెల్టాకు ఏమిటి సంబంధం అని అనుకోవద్దు. 1994 చివరిలో, 1995లో కోస్తా రొయ్యల చెరువులకు ఏమి పట్టిందో మనలో చాలామందికి గుర్తే. నాగాయలంక, కృత్తివెన్ను, బంటుమిల్లి వైపు వరిపొలాలు తవ్వి చెరువులు చేసినవారు, బంగారం కుదువపెట్టి టైగర్ రొయ్య పిల్ల వేసినవారు ఎందరో. రొయ్యలు మేత మాని గట్టు దగ్గరకు వచ్చి తేలాయి. తల చిప్ప మీద సున్నపు చుక్కలవంటి తెల్లమచ్చలు కనబడ్డాయి. వారం పది రోజుల్లో చెరువు మొత్తం పోయేది. నీరు చెడిందన్నారు, మేత కల్తీ అన్నారు, దిష్టి తగిలిందని కూడా కొందరన్నారు. వెలుతురు మైక్రోస్కోపులో కణాలు చెడిపోయి ఉండడం కనబడుతుంది గాని, చెడగొట్టినవాడు కనబడడు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఆ రొయ్య కణాల నడిబొడ్డులో చిన్న పుల్లల కట్టవంటి వైరస్ కణాలు, ఒక కొసన తోకతో సహా కనబడ్డాయి. శత్రువు రూపం తెలిసిన తరువాతనే విత్తన దశలో పరీక్ష చేసి, రోగం ఉన్న పిల్లను చెరువులో వేయకుండా ఆపే పద్ధతి వచ్చింది. అప్పటికే పోయినవారి చెరువులు తిరిగి రాలేదు. 2009లో వెన్నామి రొయ్యకు మన దేశంలో అనుమతి ఇచ్చినప్పుడు, రోగం లేని తల్లి రొయ్యలనే తేవాలన్న షరతు వెనుక ఈ అనుభవమే ఉంది.

ఇది ప్రాణమున్న రొయ్య సంగతి. అదే కుటుంబానికి చెందిన యంత్రంతో ఎన్నడో చచ్చి రాయిగా మారినదాన్ని కూడా చూడవచ్చునన్నది చండీగఢ్‌వారి పట్టుదల.

ప్రసాద్ గారు తన పరిశోధనకు మన తెలుగు నేలనే ఎంచుకున్నారు. ఆదిలాబాదు వైపు ఆసిఫాబాదు, హైదరాబాదుకు పడమర నస్కల్ అనే పల్లె. ఈ నస్కల్ అప్పట్లో రంగారెడ్డి జిల్లా, 2016నుండి వికారాబాదు జిల్లా. ఆ చుట్టుపక్కల నేలంతా నల్లరాయి. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం దక్కను మీద భూమి చీలి, లావా పొరలు పొరలుగా పారింది. ఒక పొర చల్లారి, మరో పొర వచ్చేలోగా మధ్యలో ఎంతో కాలం దొరికేది. ఆ తీరికలో పల్లాల్లో నీరు నిలిచి చెరువులయ్యేవి. చేపలు, కప్పలు, తాబేళ్ళు, మొసళ్ళు చేరేవి. చెట్లు మొలిచేవి. మళ్ళీ లావా వచ్చి అంతా కప్పేసేది. రెండు నల్లరాతి పొరల మధ్య రొట్టెలో పప్పులాగ ఇరుక్కున్న ఆ బంకమట్టి పొరలే ప్రసాద్ గారికి కావలసినవి.

నస్కల్ మనకు దూరమని అనిపించవచ్చు. ఆ వికారాబాదు అనంతగిరి కొండల్లోనే మూసీ పుట్టింది. వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. ఆ నీరే ప్రకాశం బ్యారేజీ దాటి మన కాలువల్లోకి వస్తుంది. అంతేకాదు, కృష్ణ పుట్టిన మహాబలేశ్వరం కూడా ఆ లావా రాతిపైనే ఉంది. నల్లరాయి అరిగి, ఒండ్రుగా కొట్టుకువచ్చి, మన పొలాల్లో నల్లరేగడిగా కూర్చుంది. మన మాగాణి మన్నులో ఆ లావా పాలు కొంత ఉంది.

పని ఎలా చేస్తారో చెప్తాము. బంకమట్టిని బాగా ఎండబెట్టి, కిరోసిన్‌లో నానవేస్తారు. పొడిమట్టి కిరోసిన్ పీల్చుకుంటుంది. తరువాత నీళ్ళు పోస్తే ముద్ద తనంతట తానే విడిపోతుంది. గట్టిగా నలిపితే పళ్ళు విరుగుతాయి గనుక చేయి పెట్టరు. సన్నని జల్లెళ్ళ మీద నీళ్ళతో కడిగితే బంక పోయి ఇసుక మిగులుతుంది. దాన్ని ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పళ్ళెంలో కొంచెం కొంచెం పోసి, తడి కుంచె కొసతో ఒక్కొక్కటిగా ఏరాలి. ఎక్కువగా దొరికేవి చేప పొలుసులు, మొసలి పిల్లల పళ్ళు, గవ్వ ముక్కలు. కళ్ళు నీళ్ళు కారతాయి, మెడ పట్టేస్తుంది. మనలో ఎవరైనా ఈ పని నెల రోజులు చేస్తే, ఇక చాలు మహాప్రభో అంటాము.

1988లో ప్రసాద్ గారు, సాహ్నీ గారు కలిసి ఇంగ్లాండు నుండి వచ్చే నేచర్ అనే పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రకటించారు. నస్కల్ మట్టిలో పాలిచ్చే జంతువు పళ్ళు దొరికాయి. రాక్షసబల్లుల చివరి రోజుల్లో మన దేశంలో పాలిచ్చే జంతువు ఉన్నట్లు రుజువు దొరకడం అదే మొదలు. ఎలుకంత ప్రాణి. పై పళ్ళ గట్లు, కింది పళ్ళ గుంటలు రోకలి, రోలు లాగ ఒకదానిలో ఒకటి కూర్చునే తీరును బట్టి అది ఏ తెగకు చెందినదో నిర్ణయించారు. పన్ను మిల్లీమీటరో, రెండో. దాని మీద గీతలూ అరుగుదలా సరిగ్గా చూడాలంటే బంగారు పూత పూసి ఎలక్ట్రాన్ యంత్రంలో పెట్టవలసిందే. దానికి దక్కనోలెస్టిస్ హిస్లాపి అని పేరు పెట్టారు. మొదటి మాటకు దక్కను దొంగ అని అర్థం. చిన్న జంతువులకు దొంగ అని పేరు పెట్టడం ఈ శాస్త్రంలో ఒక ముచ్చట. రెండో మాట దగ్గర మన పాఠకులు కాసేపు ఆగాలి.

హిస్లాపి అంటే స్టీఫెన్ హిస్లాప్ దొరగారి పేరు. స్కాట్లాండు ఫ్రీ చర్చి మిషనరీ. 1817లో పుట్టి, 1845లో నాగపూరు చేరాడు. మన బందరులో నోబుల్ దొరగారు 1843లో బడి తెరిచిన కాలమే అది. హిస్లాప్ కూడా నాగపూరులో బడి పెట్టాడు. ఆయన పేరిట కళాశాల ఈనాటికీ అక్కడ ఉంది. సువార్త పనిమీద ఊళ్ళు తిరుగుతూ, గోండుల భాషను, కథలను రాసుకుంటూ, దారిలో కనబడిన రాళ్ళను కూడా సుత్తితో కొట్టి చూసేవాడు. సీతాబర్డీ కొండ చుట్టూ, తాక్లి దగ్గర, లావా పొరల మధ్య గవ్వలు, పండ్లు, ఆకులు రాయిగా మారినవి దొరికాయి. తోటి మిషనరీ రాబర్ట్ హంటర్‌తో కలిసి 1855లో వాటి గురించి లండన్ భూగర్భ సంఘపు పత్రికలో రాశాడు. 1860లో రాసిన మరో వ్యాసంలో మన రాజమండ్రి దగ్గరి గవ్వలు కూడా ఉన్నాయి. గోదావరి ఒడ్డు కాతేరు రాళ్ళ గవ్వలకు శాస్త్రీయంగా పేర్లు పెట్టినవారిలో మిషనరీ దొర ఒకడున్నాడని మన సంఘాల్లో ఎంతమందికి తెలుసు?

1863 సెప్టెంబరులో టాకళ్‌ఘాట్ అనే చోట పాతకాలపు రాతి వలయాలను చూడడానికి వెళ్ళి, సాయంకాలం గుర్రం మీద ఒంటరిగా తిరిగివస్తూ, వాన నీటితో పొంగిన వాగులో పడి చనిపోయాడు. వయసు 45. ఆయన రాసిపెట్టుకున్న గోండుల విశేషాలను రిచర్డ్ టెంపుల్ దొర 1866లో అచ్చు వేయించాడు.

హిస్లాప్ తన గవ్వలను చూసి, ఈ పొరలు రాక్షసబల్లుల కాలం తరువాతివని లెక్క కట్టాడు. ఆ లెక్క ఇంచుమించు నూరేళ్ళకు పైగా నిలిచింది. నస్కల్, ఆసిఫాబాదు మట్టిలో దొరికిన చిన్న శిలాజాలు, మరికొన్ని చోట్ల దొరికినవి కలిపి చూస్తే, వీటిలో చాలా పొరలు రాక్షసబల్లులు ఇంకా బ్రతికి ఉన్న కాలానివని తేలింది. తన లెక్కను సవరించిన మట్టిలోనుండి వచ్చిన జంతువుకే ఆ దొరగారి పేరు పెట్టారు. పేరు పెట్టినవారికి ఆయనంటే ఎంత గౌరవమో దీనిని బట్టి తెలుస్తుంది.

పళ్ళ తరువాత ఎముకలు. 1994లో ఫ్రాన్సుకు చెందిన గొడినో గారితో కలిసి ప్రసాద్ గారు నస్కల్ జంతువు చీలమండ ఎముకలను వర్ణించారు. అవి కూడా బియ్యపు గింజల పాటివే. చీలమండ కీలు ఎటు ఎంత తిరుగుతుందో దాని గుంటల్లో తెలుస్తుంది. మన ఉడుత చెట్టు దిగేటప్పుడు తల కిందికి పెట్టి, వెనుక పాదాలు వెనక్కి తిప్పి బెరడును పట్టుకోవడం చూశారు కదా. నస్కల్ ప్రాణి కీళ్ళు కూడా చెట్లెక్కే జంతువు కీళ్ళ లాగానే ఉన్నాయి. నాలుగు చిన్న ఎముకల నుండి, అది కొమ్మల మీద తిరిగేదని చెప్పగలిగారు!

దీనివల్ల ఏమి తేలింది అని అడుగుతారు. ఆ కాలంలో మన దేశం ఆసియాలో భాగం కాదు. మడగాస్కరునుండి విడిపోయి, సముద్రంలో ఒంటరి ద్వీపంలాగ ఉత్తరానికి కదులుతూ ఉంది. ఆసియాను తాకడానికి ఇంకా కోటి ఏళ్ళకు పైగా ఉంది. ఒంటరి ద్వీపమైతే అక్కడి ప్రాణులు ఎక్కడా లేని వింతలై ఉండాలి. నస్కల్ పళ్ళు అలా చెప్పలేదు. ఐరోపా, ఆఫ్రికా ఖండాల్లో దొరికిన ఒక అంతరించిన కుటుంబానికి దక్కనోలెస్టిస్ దగ్గరిదని తరువాతి పరిశోధనల్లో కనబడింది. 2007లో ప్రసాద్ గారు, సహచరులు కలిసి భారత్‌థీరియం అనే మరో జంతువుకు పేరు పెట్టారు. దాని పళ్ళు నస్కల్‌లోనూ, కర్ణాటకలోని గోకాక్ దగ్గరా దొరికాయి. ఆ తెగ బంధువులు మడగాస్కరులోను, దక్షిణ అమెరికాలోను ఉన్నారు. ఇటువంటి తెగల బంధుత్వం తేల్చడంలో పింగాణి పొర అల్లికే పెద్ద సాక్షి. పింగాణిలో సన్నని కడ్డీలు కట్టలు కట్టలుగా ఉంటాయి. ఆ కట్టలు ఏ దిక్కుకు ఒరిగాయి, వాటి మధ్య ఏమి ఉంది అన్నది తెగ తెగకూ వేరు. చేనేత చీర అంచు చూసి ఇది మంగళగిరిది, ఇది ఉప్పాడది అని మన వాళ్ళు చెప్పినట్లే. అయితే ఉత్తరాన్నుండి కొన్ని, దక్షిణాన్నుండి కొన్ని మన ద్వీపానికి ఎలా చేరాయి? నేల వంతెన ఉందా, దీవులు మెట్లలాగ ఉన్నాయా, తేలే మొద్దుల మీద వచ్చాయా? ఈ వాదన ఇంకా తెగలేదు. తెగకపోవడమే నయమని మాకు అనిపిస్తుంది. తెగితే ఇక మట్టి ఎవరు కడుగుతారు?

గోదావరి లోయలో కోట అనే ఊరి పేరుతో పిలిచే ఇంకా పాత పొరలు ఉన్నాయి. హైదరాబాదు బిర్లా సైన్సు సెంటరులో పిల్లలను తీసుకువెళ్ళి చూపించే కోటసారస్ అస్థిపంజరం ఆ పొరలదే. యామన్‌పల్లి దగ్గర దొరికిన ఆ రాక్షసబల్లికి 1988లో పేరు పెట్టింది భారత భూగర్భ సర్వేలో పనిచేసిన యాదగిరి గారు. అదే 1988లోనే నస్కల్ పన్ను కూడా వెలుగులోకి వచ్చింది. ఒకటి గదికి పట్టనిది, మరొకటి సూది మొన మీద నిలిచేది. జనం మొదటి దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతారు. ప్రసాద్ గారు ఆ కోట పొరల మట్టిని కూడా జల్లించి, పైకసిగూడెం దగ్గర దొరికిన ఒక చిన్న పంటికి 1997లో యాదగిరి గారి పేరే పెట్టారు. చిన్న వస్తువులతో మొదలుపెట్టిన ఆయనకు పెద్దది కూడా ఒకటి దక్కింది. 2017లో కచ్ఛ్ ప్రాంతంలో దొరికిన ఐదు మీటర్లకు పైబడిన సముద్రపు సరీసృపాన్ని ఆయన బృందం ప్రకటించింది.

మన రైతు సోదరులకు ఇంకా దగ్గరి మాట ఒకటి ఉంది. ఇది వేరే ప్రసాద్ గారి పని. లక్నో సంస్థకు చెందిన వందనా ప్రసాద్ గారు, సాహ్నీ గారు, మరి ఇద్దరు కలిసి 2005లో రాక్షసబల్లి పేడను పరీక్షించారు. మహారాష్ట్రలోని పిస్‌దురా దగ్గర ఆ పేడ ముద్దలు రాయిగా మారి ఉన్నాయి. వరి ఆకు చేతికి గీసుకుంటే చర్మం తెగడం, ఊక బూడిదతో పళ్ళు తోమితే గరగరలాడడం మనకు తెలుసు. గడ్డిజాతి మొక్కలు నేలలోని ఇసుక సారాన్ని పీల్చి ఆకుల్లో సన్నని గాజు ముక్కలుగా దాచుకుంటాయి గనుక అలా ఉంటుంది. ఆకు కుళ్ళినా ఆ గాజు కుళ్ళదు. ఒక్కొక్క జాతికి దాని ఆకారం వేరు. ఆ పేడలో గడ్డి గాజు దొరికింది. రాక్షసబల్లుల కాలంలో గడ్డే లేదని అంతవరకు చాలామంది నమ్మేవారు. 2011లో అదే బృందంలోనివారు ఆ గాజు ముక్కల్లో వరి తెగకు చెందినవి ఉన్నాయని చూపించారు. మన సార్వా పంటకు దూరపు తాతముత్తాతలను మేసిన జంతువులు దక్కనులో తిరిగాయన్నమాట.

ఇంటర్మీడియెట్ పాసైన కుర్రవాడు భూగర్భశాస్త్రం చదువుతానంటే ఇంట్లో ఏమంటారో మాకు తెలుసు. విజయవాడలో వీధికొక ఇంజనీరింగు కోచింగు ఉండగా రాళ్ళు పట్టుకొని ఏమి తింటావురా అంటారు. సమాధానం మన కాళ్ళ కిందనే ఉంది. కైకలూరు వైపు ఓ.ఎన్.జి.సి. వారు వేసిన గ్యాసు బావులు మీరు చూసే ఉంటారు. వేల అడుగుల లోతునుండి పైకి వచ్చే రాతి పొడిలో ఇసుక రేణువంత గవ్వల ప్రాణులు ఉంటాయి. ఏ లోతులో ఏ ప్రాణి దొరికిందో చూసి, బరమా ఏ కాలపు పొరలో ఉందో, గ్యాసు ఇంకా కిందనో పైననో చెప్పేది ఈ చదువు చదివినవారే. రాజమండ్రి గనుల్లో రెండు లావా పొరల మధ్యనున్న సున్నపు పొరలో అటువంటి ప్రాణులనే ఏరి, ఆ లావా పారిన కాలం రాక్షసబల్లులు అంతరించిన కాలానికి ఎంత దగ్గరో గెర్టా కెల్లర్ అనే శాస్త్రజ్ఞురాలు, సహచరులు 2008లో చూపించారు. ఆ లావా పడమటి కనుమలనుండి వెయ్యి కిలోమీటర్లు పారి రాజమండ్రి చేరిందని మరికొందరు అదే ఏడాది ప్రతిపాదించారు. మన డెల్టా బావుల్లో కూడా లోతున ఆ లావా తగిలింది.

గనుల్లో కంకర కోసం నల్లరాయిని పేల్చేటప్పుడు మధ్యలోని ఈ సున్నపు పొరలు, బంకమట్టి పొరలు పనికిరాని చెత్త కింద పక్కకు తోసేస్తారు. బావి తవ్వకంలోనూ అంతే. దానిని కడిగి చూసేవారు రాకముందే రోడ్డు కింద పూడ్చివేయబడుతుంది. తెలంగాణలో బంధువులున్న మన కుటుంబాలు, రాజమండ్రి, దేవరపల్లి వైపు క్వారీల్లో పనిచేసే మన అన్నదమ్ములు ఇది గమనించాలి. నల్లరాతి పొరల మధ్య బూడిదరంగు, పచ్చరంగు మట్టిలో గవ్వలు, పొలుసులు, పళ్ళు, గుండ్రని పెంకులు కనబడితే సుత్తితో విడదీయవద్దు, నీళ్ళతో కడగవద్దు. చుట్టూ మట్టి ఉండగానే ముద్దగా తీసి, పాత వార్తాపత్రికలో చుట్టి, ఏ ఊరు, ఎవరి బావి లేక ఏ గని, ఎన్ని అడుగుల లోతు అన్నది పెన్సిలుతో కాగితం మీద రాసి దానితో పాటే కట్టండి. ఊరు, లోతు తెలియని శిలాజం చిరునామా లేని ఉత్తరం వంటిది. హైదరాబాదు బండ్లగూడలో భారత భూగర్భ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భూగర్భశాస్త్ర విభాగం ఉంది. మీ దగ్గరి కళాశాలలో ఆ శాస్త్రం చెప్పే మాస్టారుంటే ముందు ఆయనకు చూపించినా సరిపోతుంది.